కొలీజియంలో కూర్చుని తీసిన సినిమాలు

బేస్‌బాల్ ఆటలకి వెళ్లడం, లేని సినిమాలు కల్పించడం. నాకు ఈ రెండు సరదాలూ మా బావ దగ్గర్నుంచే వచ్చాయి. రెండూ ఒకే చోట అలవడ్డాయి. ఆ చోటు కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొలీజియం. 1966లో తెరిచిన పెద్ద కాంక్రీట్ స్టేడియం అది. 1968 నుంచి అథ్లెటిక్స్ జట్టు అక్కడే ఆడింది. ఆ జట్టుని అందరూ ముద్దుగా ‘ఏస్’ అంటారు. 2024 సెప్టెంబర్ 26న చివరి ఆట ఆడి ఏస్ ఆ ఊరు విడిచి వెళ్లిపోయారు. అక్కడ జరిగిన ఆటల వివరాలన్నీ రికార్డుల్లో ఉన్నాయి. అక్కడే మేం తీసిన సినిమాలు మాత్రం మా బావ స్కోరు పుస్తకాల అంచుల్లో తప్ప ఇంకెక్కడా లేవు. అవి నాకు చాలా ఇష్టమైన సినిమాలు. అందుకే రాస్తున్నాను.

బావ మా మేనమామ కొడుకు. మా అక్కని చేసుకున్నాడు. తెనాలిలో పక్కపక్క ఇళ్లలో పెరిగాం కాబట్టి, నాకన్నా బాగా పెద్దవాడైనా ‘నువ్వు’ అనే పిలుపే మిగిలింది. 1980ల చివర్లో అమెరికా వచ్చి హేవర్డ్‌లో స్థిరపడ్డాడు. 1989లో ఏస్ ప్రపంచ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోటీ, గెలిచినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో మూడో ఆటకి ముందు భూకంపం వచ్చిన సిరీస్ అదే. ఆ కథ ఇప్పటికీ నిలబడి చెప్తాడు, కూర్చుని చెప్పలేడు.

నేను 2000లో ఉద్యోగానికి ఫ్రీమాంట్‌లో దిగాను. ఆ వేసవిలోనే ఒక బుధవారం నన్ను ఆటకి తీసుకెళ్లాడు. బుధవారాల్లో టిక్కెట్లు ఒకటి రెండు డాలర్లకే దొరికేవి. నేను ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలు ఎక్కితే, యూనియన్ సిటీ, సౌత్ హేవర్డ్ దాటాక హేవర్డ్‌లో ఆయన ఎక్కేవాడు, చేతిలో అక్క కట్టిచ్చిన పులిహోర పొట్లంతో. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనిచ్చే స్టేడియం అది. రైలు దిగాక పొడవాటి వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా వేరుశనక్కాయలు, టోపీలు, చొక్కాలు అమ్మేవాళ్ల కేకలు. తెనాలిలో కొత్త సినిమా మొదటి రోజు హాలు ముందు ఉండే సందడి నాకు అమెరికాలో మళ్లీ తగిలింది ఆ వంతెన మీదే.

క్రికెట్ చూసి పెరిగినవాడికి బేస్‌బాల్ మొదట్లో విసుగే. బంతి విసిరే పిచ్చర్, బ్యాటర్ వెనక కూర్చున్న క్యాచర్ సైగ చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. బ్యాటర్ పక్కకి జరిగి గ్లోవ్స్ బిగించుకుంటాడు. మళ్లీ మొదటికి. అరగంట చూసి, “ఇంతేనా బావా?” అన్నాను.

“ఈ ఖాళీలోనే ఉందిరా ఆటంతా,” అన్నాడు. “సరే, ఓ సినిమా పేరు చెప్పు. ఇప్పటిదాకా ఎవరూ తియ్యనిది.”

నోటికొచ్చింది చెప్పాను: ‘నిజాంపట్నం పడవ’. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “1959. నలుపు తెలుపు. రేలంగి సరంగు. పడవలో ఒక పెళ్లివారు, ఒక చావు కబురు మోసుకెళ్లేవాడు. ఇద్దరూ ఒకే ఊరికి వెళ్తున్నారు. ఇక నువ్వు చెప్పు.”

అలా మొదలైంది. తర్వాత తర్వాత దానికి కట్టుదిట్టమైన పద్ధతి ఏర్పడింది. బేస్‌బాల్‌లో ఒక్కో ఇన్నింగ్స్‌కి రెండు సగాలు. ముందు బయటి జట్టు బ్యాటింగ్ చేస్తుంది, తర్వాత సొంత జట్టు. మూడు ఔట్లు పడితే సగం అయిపోయినట్టు. పై సగంలో కథ చెప్పే వంతు బావది, కింది సగంలో నాది. మూడో ఔట్ పడగానే సీను కట్. మాట మధ్యలో ఉన్నా సరే, హీరోయిన్ బావిలో దూకుతున్నా సరే. బ్యాటర్లు వరసగా కొడుతూ పోతే సీను సాగదీయక తప్పదు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) నుంచి రెండో బేస్‌కి, అక్కణ్నుంచి మొదటి బేస్‌కి బంతి వెళ్లి డబుల్ ప్లే, అంటే ఒకే దెబ్బకి రెండు ఔట్లు, అయిందంటే పాట చరణంలోనే తెగిపోయేది. కొలీజియంలో గీతల బయట ఉండే ఖాళీ స్థలం, మిగతా లీగ్ మొత్తంలో ఎక్కడా లేనంత పెద్దది. వేరే మైదానంలో అయితే జనంలో పడే ఫౌల్ బంతులు ఇక్కడ క్యాచ్‌లయిపోయేవి. కాబట్టి మా సినిమాల్లో సీన్లు చిన్నవి. అది మంచిదే అయింది. బావకి ఉపన్యాసాల అలవాటుంది.

నాలుగున్నర ఇన్నింగ్స్‌కి ఇంటర్వెల్. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి పాట పాడతారు కదా, అక్కడ మేం విషాద గీతం పెట్టేవాళ్లం.

ముగింపు ఎవరిదన్నది ఆట తేల్చేది. తొమ్మిదో ఇన్నింగ్స్ పై సగం ముగిసేసరికి సొంత జట్టు ముందంజలో ఉంటే కింది సగం ఆడరు. అంటే ఏస్ హాయిగా గెలిచిన రోజు ముగింపు బావది. ఓడిపోతున్న రోజు, సమంగా ఉన్న రోజు ముగింపు నాది. అందుకేనేమో నేను ముగించిన సినిమాల్లో ఎక్కువ ఏడుపే ఉంటుంది. బావ సినిమాల్లో అందరూ చివర వరసగా నిలబడి నవ్వుతారు.

ఇంకో నియమం ఉంది. దాని మీద బావ ఎంత గట్టిగా నిలబడేవాడో చెప్పలేను. నటులు, గాయకులు అసలువాళ్లే అయ్యుండాలి. సినిమా విడుదలైన ఏడాదికి వాళ్లు బతికుండాలి. ఒకసారి నేను ఉత్సాహంగా ఒక జమీందారు కథ మొదలెట్టి, విడుదల 1976, జమీందారు ఎస్వీ రంగారావు అన్నాను. బావ స్కోరు రాస్తున్న పెన్సిల్ ఆపేశాడు.

“రంగారావు 1974 జులైలో పోయాడ్రా.”

“పోనీ ఘంటసాల చేత...”

“అదే ఏడాది ఫిబ్రవరిలో.”

“రమణారెడ్డి?”

“నవంబర్.”

ఆ ముగ్గురూ ఒకే ఏడాది వెళ్లిపోయారన్న సంగతి నేను అప్పటిదాకా ఆలోచించలేదు. బావకి ఆ ఏడాది బాగా గుర్తు. తెనాలిలో కుర్రవాడు, సినిమా పిచ్చి ముదిరిన వయసు. అదే 1974 అక్టోబర్లో ఓక్లాండ్ ఏస్ డాడ్జర్స్‌ని ఓడించి వరసగా మూడో ప్రపంచ సిరీస్ గెలిచారు. అవన్నీ ఆయనకి చాలా ఏళ్ల తర్వాత తెలిశాయనుకోండి. తెలిశాక మాత్రం ఆయన బుర్రలో రెండూ కలిసిపోయాయి. “నేను అక్కడ ఏడుస్తుంటే వీళ్లిక్కడ గెలుస్తున్నార్రా,” అనేవాడు. అందువల్ల మా సినిమాల్లో 1974 తర్వాత విడుదలైనవి తక్కువ. ఇప్పటి హీరోలతో ఒక్కటీ తియ్యలేదు. వాళ్ల మీద కోపమేం లేదు. ఉన్న సినిమాలు వాళ్లు తీసుకుంటూనే ఉన్నారు. పోయినవాళ్లకి ఇంకొక్క వేషం ఇవ్వడమే మాకు ఆనందం.

2002 సెప్టెంబర్ 4 రాత్రి సంగతి చెప్పాలి. ఏస్ అప్పటికి వరసగా 19 ఆటలు గెలిచారు. ఇంకొక్కటి గెలిస్తే అమెరికన్ లీగ్ చరిత్రలో లేని రికార్డు. 55 వేల మందికి పైగా వచ్చారు. ఎదురుగా కాన్సాస్ సిటీ రాయల్స్. మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు 11-0.

“ఇక టెన్షన్ లేదు, పెద్ద సినిమా మొదలెడదాం,” అన్నాడు బావ. పేరు ‘కాటిసీను కామేశ్వరరావు’. 1961. తెనాలి రామవిలాస సభలో హరిశ్చంద్ర వేసే నటుడు, గుమ్మడి. జబ్బు చేసి గొంతు పోతుంది. పద్యం పాడలేని హరిశ్చంద్రుడు ఎవరికి కావాలి? అదే కంపెనీలో తెర లాగే పనికి కుదురుతాడు. కాంట్రాక్టరు రమణారెడ్డి.

ఆ ఆలోచన బావకి ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఏస్ జట్టులో స్కాట్ హ్యాటెబర్గ్ అని ఉన్నాడు. బోస్టన్‌లో క్యాచర్. మోచేతి నరం దెబ్బతిని బంతి విసరలేకపోతే ఓక్లాండ్ వాళ్లు పిలిచి మొదటి బేస్ దగ్గర నిలబెట్టారు. ఆ రాత్రి ఆయన మొదటి నుంచీ ఆడట్లేదు, బెంచీ మీద కూర్చున్నాడు.

నాలుగో ఇన్నింగ్స్‌లో రాయల్స్ కొట్టడం మొదలెట్టారు. ఔట్లు పడవు, బావ సీను తెగదు. కామేశ్వరరావు ఆస్పత్రి సీను అలా సాగుతూనే ఉంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ అదే గొడవ. ఈసారి బావ కథ చెప్పడం మానేసి పెన్సిల్ కొరుకుతున్నాడు. తొమ్మిదిలో స్కోరు 11-11. స్టేడియం మొత్తానికి గొంతు పడిపోయింది.

కింది సగం. ముగింపు నా వంతు. కంపెనీ హీరో పారిపోయాడని, జనం ఈలలు వేస్తున్నారని, తెర తాడు వదిలేసి కామేశ్వరరావు మొహానికి రంగు పూసుకున్నాడని చెప్తున్నాను. పద్యం తెర వెనక నుంచి వేరేవాళ్లు పాడితే, ఆయన ఉత్త కళ్లతో కాటిసీను నడిపిస్తాడు. అదీ నా ఆలోచన. అంతలో ఇంకో బ్యాటర్ బదులు హ్యాటెబర్గ్ బ్యాటు పట్టుకుని వచ్చాడు. నేను ఆపేశాను. బంతి కుడివైపు స్టాండ్స్‌లోకి వెళ్లి పడింది. 12-11. బావ నన్ను పట్టుకుని ఊపేస్తూ, “ఒరేయ్, కామేశ్వరరావు! కామేశ్వరరావు!” అని అరుస్తున్నాడు. ముందు వరసలో వాళ్లు అది ఏ ఆటగాడి పేరో అర్థంకాక, మాతో పాటు తామూ ఏదో ఒకటి అరిచారు.

ఆ సీజన్ మీద 2011లో హాలీవుడ్ వాళ్లు సినిమా తీశారు. బ్రాడ్ పిట్ వేశాడు. బాగుంది. మాది అంతకు తొమ్మిదేళ్ల ముందే అదే స్టేడియంలో పూర్తయింది.

పుస్తకం సంగతి చెప్పాలి. బావ ప్రతి ఆటకీ స్కోరు రాస్తాడు. పిచ్చర్ 1, క్యాచర్ 2, అలా కుడివైపు ఫీల్డర్ 9 దాకా అంకెలు. బ్యాటు ఊపి స్ట్రైకౌట్ అయితే కే అక్షరం, చూస్తూ నిలబడి ఔటైతే తిరగేసిన కే. ఆ గళ్ల పక్క ఖాళీలో సన్నటి తెలుగు అక్షరాలతో మా సినిమా: పేరు, ఏడాది, తారాగణం, సీను ఎక్కడ తెగిందో. ఇప్పుడు ఏ పుట తీసినా, ఎవరు ఎప్పుడు ఔటయ్యాడో చూసి ఏ సీను ఎంతసేపు నడిచిందో చెప్పొచ్చు.

2006లో పై అంతస్తు మొత్తం టార్పాలిన్లతో కప్పేశారు. మేం కిందికి మారాం. బావకి అంతకన్నా పాత బాధ ఒకటుంది. 1995లో ఫుట్‌బాల్ జట్టు తిరిగొచ్చినప్పుడు మైదానం వెనకవైపు ఎత్తైన స్టాండ్స్ కట్టారు. ఫ్యాన్స్ దాన్ని ‘మౌంట్ డేవిస్’ అంటారు. అది రాకముందు అక్కణ్నుంచి ఓక్లాండ్ కొండలు కనిపించేవట. వేసవిలో బంగారు రంగు కొండలు. “మనకి అవుట్‌డోర్ లొకేషన్ పోయిందిరా,” అనేవాడు. నేను వచ్చేసరికే ఆ కొండలు లేవు. అందుకే బావ తన సీన్లలో అవసరం ఉన్నా లేకపోయినా కొండ పెట్టేవాడు. మాచర్ల కొండ, కోటప్పకొండ, ఏదో ఒకటి.

అక్క మా సెన్సార్. ఆటకి ఎప్పుడో కానీ వచ్చేది కాదు. ఇంటికొచ్చాక సినిమా మొత్తం విని తీర్పు చెప్పేది. “మీ ఇద్దరి సినిమాల్లో ఆడవాళ్లు ఏడవడానికే పుట్టారా?” అన్నది తరచూ పడే కోత. ఇంకొకటి, “సూర్యకాంతమ్మ చేత ఎన్నాళ్లు గయ్యాళితనం చేయిస్తారు?”

2010 మే 9, మదర్స్ డే. ఆ ఆదివారం అక్క కూడా వచ్చింది. ఎదుటి జట్టు టాంపా బే. జనం పెద్దగా లేరు, 12 వేల చిల్లర. పిచ్చర్ డల్లాస్ బ్రేడెన్, పక్కనున్న స్టాక్టన్ కుర్రాడు, ఎడమచేతి వాటం. మేం ఏదో కుటుంబ కథ మొదలెట్టాం. అయిదో ఇన్నింగ్స్‌లో బావ చిరాకు పడ్డాడు.

“ఏమిట్రా ఇవాళ, నేను నోరు తెరిచేలోపు సీను అయిపోతోంది?”

పుస్తకం చూసుకున్నాడు. పై సగాలన్నీ ముగ్గురేసి బ్యాటర్లు. ముగ్గురూ ఔట్. ఎవ్వరూ బేస్ మీదకి రాలేదు. ఆయన మొహం మారిపోయింది, వేలితో ఆ గళ్లు చూపించాడు తప్ప మాట్లాడలేదు. ఒక్క బ్యాటర్‌నీ బేస్ ఎక్కనివ్వని పర్‌ఫెక్ట్ గేమ్ నడుస్తుంటే దాని పేరెత్తకూడదని బేస్‌బాల్‌లో గట్టి నమ్మకం. అక్కకి ఆ సంగతి తెలీదు. “అదేమిటి, వాళ్లలో ఒక్కళ్లూ బేస్ ఎక్కలేదే ఇంకా?” అంది మామూలు గొంతుతో. తెలుగులో అంది కాబట్టి ఏ దోషం తగల్లేదని బావ నమ్మకం.

సినిమా అక్కడే ఆపేశాం. 27వ బ్యాటర్ కొట్టిన బంతి షార్ట్‌స్టాప్‌కి, అక్కణ్నుంచి మొదటి బేస్‌కి. బావ పుస్తకం అంకెల్లో 6-3. పర్‌ఫెక్ట్ గేమ్ పూర్తయింది. బ్రేడెన్ హైస్కూల్లో ఉండగానే తల్లి క్యాన్సర్‌తో పోయింది. అమ్మమ్మ పెంచింది. ఆ అమ్మమ్మ మైదానంలోకి వచ్చింది, ఇద్దరూ పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. మదర్స్ డే నాడు. అక్క ఏడుస్తూనే ఉంది, తుడుచుకోలేదు కూడా.

తిరుగు రైల్లో అక్క తనంతట తనే మొదలెట్టింది. అదొక్కటే ఆమె తీసిన సినిమా, మా అన్నిటికన్నా గొప్పది. ‘మామ్మ గారి టిక్కెట్ కౌంటరు’, 1971. మామ్మ సూర్యకాంతం. ఊరి చివర టూరింగ్ టాకీస్‌లో నేల టిక్కెట్లు చింపి ఇచ్చే పని ఆమెది. కూతురు పోతే మనవణ్ని పెంచుతోంది. ఎక్కడా గొంతు పెంచదు. మనవడు పెద్దయ్యాక పక్క ఊరి హాల్లో ఒక రీలు అవగానే ఆ డబ్బా సైకిల్ మీద పెట్టుకుని ఇక్కడికి తెచ్చే పనిలో చేరతాడు. ఒకే ప్రింటు, రెండు హాళ్లు. ఒక రాత్రి వాన. కాలువ పొంగింది. ఎనిమిదో రీలు రాలేదు. జనం కుర్చీలు విరగ్గొట్టేలా ఉన్నారు. మామ్మ మైకు దగ్గరికి వెళ్లి, ఆ తర్వాత కథ చెప్పడం మొదలెడుతుంది. ఆ సినిమా ఆమె ఎప్పుడూ చూడలేదు, కౌంటర్లోనే కూర్చుంటుంది కదా. అంతా అప్పటికప్పుడు కల్పించి చెప్తుంది. మనవడు గుడారం చేరేదాకా చెప్తూనే ఉంటుంది. రీలు వచ్చాక జనం, “అది వద్దు, మామ్మే చెప్పాలి,” అంటారు.

హేవర్డ్‌లో దిగాల్సినవాళ్లు సౌత్ హేవర్డ్ దాకా వచ్చేశారు. బావ ఒక్క కోత కూడా పెట్టలేదు. పుస్తకంలో 6-3 పక్కన ఆ పేరు రాసి కింద గీత గీశాడు.

2023లో పిచ్ క్లాక్ వచ్చింది. ఆ ఏడాది పిచ్చర్ 15 సెకన్లలో, బేస్ మీద మనుషులుంటే 20 సెకన్లలో బంతి వెయ్యాల్సి వచ్చేది. ఆట సగటు నిడివి 3 గంటల 4 నిమిషాల నుంచి సుమారు 2 గంటల 40 నిమిషాలకి దిగింది. ఆటకి అది మంచే చేసిందని నా అభిప్రాయం. బావ ఒప్పుకోడు. మాటకీ మాటకీ మధ్య గాలి పోయిందంటాడు. నిజమే, మా సినిమాల్లో పాటలు తగ్గిపోయాయి.

ఆ ఏడాదే జట్టు లాస్ వెగాస్ వెళ్లిపోతుందన్న వార్త. జూన్ 13న ఫ్యాన్స్ కావాలని స్టేడియం నింపారు, 27,759 మంది. జట్టుని అమ్మెయ్యమని యజమానికి వినపడేలా ఆటంతా అరిచారు. ఆ సీజన్‌లో 112 ఆటలు ఓడిన జట్టు ఆ రోజు 2-1తో గెలిచింది. మేం సినిమా తియ్యలేదు. మా ఇద్దరి గొంతులూ ఆ కేకల్లోనే పోయాయి. పులిహోర పొట్లం విప్పను కూడా లేదు.

చివరి ఆట గురువారం మధ్యాహ్నం. 46,889 మంది. టెక్సస్ రేంజర్స్‌తో. చివరి సినిమా కాబట్టి జట్టు కథే తీద్దామన్నాడు బావ. ఏస్ గుర్తు ఏనుగు. 1902లో, జట్టు ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు, జాన్ మెక్‌గ్రా అనే మేనేజర్ వీళ్లని తెల్ల ఏనుగన్నాడు, డబ్బు దండగన్న అర్థంలో. వీళ్ల మేనేజర్ కోనీ మాక్ ఆ మాటనే గుర్తుగా పెట్టేసుకున్నాడు. 1954 దాకా ఫిలడెల్ఫియా, 1967 దాకా కాన్సాస్ సిటీ, తర్వాత ఓక్లాండ్. మా సినిమా పేరు ‘మూడూళ్ల ఏనుగు’, 1973. గుడి ఏనుగుని పోషించలేక ఒక ఊరు ఇంకో ఊరికి అమ్మేస్తూ ఉంటుంది. మావటి రంగారావు. కథ నడిపిస్తూనే ఇద్దరం ఆట మీద కన్నేసి ఉంచాం. ఏస్ 3-2 మీద నిలిచారు.

తొమ్మిదో ఇన్నింగ్స్ పై సగం, బావ వంతు. ఏనుగు మూడో ఊరి పొలిమేరలో ఆగింది. అరటిపళ్లు, బెల్లం పట్టుకుని ఊరంతా వచ్చింది. అది ఏదీ ముట్టలేదు. తొండంతో ఆ ఊరి మట్టి తీసుకుని వీపు మీద చల్లుకుంది. రంగారావు అంకుశం పక్కన పడేసి... మూడో ఔట్. ఏస్ గెలిచారు. కింది సగం లేదు. నా దగ్గర ఒక ముగింపు ఉంది, ఏనుగు వెనక్కి తిరిగే ముగింపు. అది చెప్పే వంతు రాలేదు.

మేనేజర్ మార్క్ కాట్సే మైకు పట్టుకుని జనానికి కృతజ్ఞతలు చెప్పి, ‘లెట్స్ గో ఓక్లాండ్’ అని అందరి చేతా అనిపించాడు. కొందరు మైదానం మట్టి కప్పుల్లో పట్టుకెళ్లారు. బావ పుస్తకంలో ఆఖరి గడి నింపి, తేదీ వేసి, నన్ను కూడా సంతకం పెట్టమన్నాడు.

ఇప్పుడు ఏస్ వెస్ట్ శాక్రమెంటోలో, పధ్నాలుగు వేల మంది పట్టే చిన్న మైదానంలో ఆడుతున్నారు. జట్టు పేరు పక్కన ఏ ఊరి పేరూ లేదు. బావ, అక్క రిటైరై తెనాలి వెళ్లిపోయారు. ఇక్కడ రాత్రి 7:05 ఆట అంటే అక్కడ పొద్దున్న 7:35. ఆయన కాఫీ తాగుతూ చూస్తాడు, నేను అన్నం తింటూ చూస్తాను, ఫోన్ స్పీకర్లో ఉంటుంది. పద్ధతి అదే, పై సగం ఆయనది, కింది సగం నాది.

ఈ మధ్య ఒక వాదన నడుస్తోంది. పాటలు ముందే రికార్డయి, సినిమా ఆలస్యంగా విడుదల కావడం మామూలే కదా. కాబట్టి 1973లో ఘంటసాల చేత పాడించుకుని, డబ్బుల్లేక ఆగిపోయి, 1975లో విడుదలైన సినిమా మనం ఎందుకు తియ్యకూడదు అన్నాను. బావ ఇంకా ఒప్పుకోలేదు. నిర్మాత ఎవరు, డబ్బెందుకు ఆగింది, ముందు అది తేల్చు అంటున్నాడు. అక్క ఓటు నాకే.